వెన్నుపాము దెబ్బతిన్నవారి పరిచర్య

విద్యార్థులారా! వెన్నెముక విరుగుటకును వెన్నుపాము తెగుటకును భేదము కలదు. ఎముక అతుకును, వెన్నుపాము అతుకదు. అది తెగినచో దిగువ అవయవములకు చలనమును స్పర్శయు నుండవు. మనము నిద్రలో సైతము తెలియకయే ఒత్తిగిలుచుందుము. ఒకచోట ఒత్తిడి హెచ్చినప్పుడు బాధయే మనలను కదిలించును. స్పర్శ పోయినవానికి ఆ హెచ్చరిక లేదు. శయ్యకును ఎముకకును నడుమ నలిగిన చర్మమునకు నెత్తురందక, అది చచ్చి పుండగును. పూర్వము ఇట్టి రోగులలో అనేకులు అసలు గాయముచేత గాక, ఈ పుండ్లచేతను మూత్రకోశమునందలి చీముచేతను మరణించుచుండిరి.

జర్మనీ విడిచి 1939లో ఇంగ్లండునకు వచ్చిన లుడ్విగ్ గట్‌మన్ అను వైద్యుడు, 1944లో స్టోక్ మాండవిల్ వైద్యశాలయందు ఇట్టివారికై ప్రత్యేకశాల నారంభించెను. అచ్చటి చికిత్సలో ముఖ్యమైనది ఏ ఔషధమో యనుకొందురేమో! రాత్రింబవళ్లు రెండు గంటల కొకమారు రోగిని ప్రక్కకు త్రిప్పుట. అంతియే. త్రిప్పినవారు నర్సులును వార్డు పరిచారకులును. కీర్తి వైద్యునికి దక్కినది. వారి పేళ్లు మనమెరుగము. 1948లో అచ్చట 16 మంది చక్రముల కుర్చీలలో కూర్చుండి విలువిద్యయందు పోటీపడిరి. నేటి పారాలింపిక్ క్రీడలకు అదియే మూలము.

మన దక్షిణదేశమున వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన డాక్టరు మేరీ వర్గీసు, 1954లో వాహన ప్రమాదమున నడుము దిగువ చలనము కోల్పోయెను. ఆమె చక్రముల కుర్చీనుండియే కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. పిదప న్యూయార్కున శిక్షణ పొంది వచ్చి, వేలూరున పునరావాస వైద్యశాఖకు నాయకత్వము వహించెను. 1966లో అచ్చట పునరావాస కేంద్రము తెరువబడెను.

ఇట్టి చోట్ల రోగి మంచమునుండి కుర్చీలోనికి జరుగుటయు, చేతుల బలముచే దేహమును మాటిమాటికి పైకెత్తి ఒత్తిడి తప్పించుటయు నేర్చును. నెలల తరబడి నేర్చి యిల్లు చేరినంతనే, వీధియరుగు వానిని నిలిపివేయును! మెట్టునకు బదులు వాలుబాట కావలెను. ఎత్తు 1 అంగుళమైన పొడవు 12 అంగుళములు. కావున అడుగున్నర అరుగునకు 18 అడుగుల బాట యగును. ఇంతకన్న నిటారుగా కట్టిన బాటలను కొన్నిచోట్ల చూచుచున్నాము. అవి చూపులకే గాని ఎక్కుటకు గావు. దిగునప్పుడు మరింత ప్రమాదము.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము పాఠశాలల భవనములును వారికి సుగమముగా నుండవలెనని చెప్పుచున్నది. మన తరగతి గదుల మెట్ల యెత్తును కొలబద్దతో కొలిచి, పండ్రెండింతల బాటకు ప్రక్కన చోటున్నదో లేదో లెక్కల యుపాధ్యాయునికి చూపుడు.