కంప్యూటర్ ఆన్ కావడం లేదు.. ఎస్‌ఎంపీఎస్ పోయిందా?

ప్రశ్న: విడిభాగాలు కొని రెండేళ్ల క్రితం బిగించుకున్న డెస్క్‌టాప్ వారంగా పని మధ్యలో ఆగిపోతోంది. నిన్నటి నుంచి అసలు ఆన్ కావడం లేదు. ఎస్‌ఎంపీఎస్ పోయిందంటున్నారు. వారంటీలో మార్చుకోవచ్చా?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: లక్షణాలు చూస్తే అనుమానం ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పవర్ సప్లై) మీదే. వేడికి, దుమ్ముకు, వోల్టేజీ హెచ్చుతగ్గులకు లోపలి కెపాసిటర్లు బలహీనపడతాయి. పని ఎక్కువైనప్పుడు సరిపడా కరెంటు అందక కంప్యూటర్ ఆగిపోతుంది. అయినా ముందు ప్లగ్గు, పవర్ కేబుల్ మార్చి చూడండి. వెనకున్న చిన్న స్విచ్చి ఆన్‌లోనే ఉందా? చాలాసార్లు లోపం అక్కడే ఉంటుంది. అప్పటికీ రాకపోతే, తెలిసినవారి దగ్గర బాగా పనిచేస్తున్న ఎస్‌ఎంపీఎస్ తెచ్చి తగిలించి చూడటమే నమ్మకమైన పరీక్ష. దాని కేబుళ్లే వాడండి, పాతవి కలపొద్దు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండమ్మా, ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పొద్దు. ప్లగ్గు తీసేసినా కెపాసిటర్లలో ప్రమాదకరమైన ఛార్జ్ మిగిలి ఉంటుంది. సీలు చిరిగితే వారంటీ కూడా చిక్కుల్లో పడుతుంది.

మంచి రకాల్లో చాలావాటికి మూడేళ్లు, అంతకు మించి వారంటీ ఉంటుంది. బిల్లు, సీరియల్ నంబరు ఫొటో తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌ను సంప్రదించండి. వస్తువు అప్పగించేటప్పుడు రసీదు తప్పనిసరి. వారంటీ ఉండీ తిప్పి పంపితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

కాలిన వాసన, పొగ, షాక్.. వీటిలో ఏది కనిపించినా మళ్లీ ప్లగ్గు పెట్టకుండా నేరుగా టెక్నీషియన్‌కు చూపించండి.