టికెట్ మీద ఎవరి ఫోన్ నంబరుంది?

ఈమధ్య నా దగ్గరికి వస్తున్న విమానం కేసుల కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఊళ్లు వేరు, విమాన సంస్థలు వేరు, పోగొట్టుకున్న సొమ్ము వేరు. అందరూ పడ్డ గొయ్యి మాత్రం ఒక్కటే. టికెట్ మీద ఉన్న ఫోన్ నంబరు ప్రయాణికుడిది కాదు. టికెట్ తీసిన ఏజెంటుది, లేదంటే నెట్ సెంటర్ కుర్రాడిది.

దెందులూరు, ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు లంకల నుంచి కువైట్‌కో మస్కట్‌కో వెళ్లేవాళ్లలో చాలామంది టికెట్ సొంతంగా తీసుకోరు. పాస్‌పోర్టు జిరాక్సు, డబ్బు ఏజెంటు చేతిలో పెడతారు. అతను అరగంటలో ఒక కాగితం ప్రింటు తీసి ఇస్తాడు. పేరు సరిగ్గా ఉందా, తేదీ సరిగ్గా ఉందా అని చూసుకుంటారు. అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ఫోన్ నంబరు, ఈమెయిల్ ఎవరివో ఎవరూ చూడరు. విమానం వేళ మారినా, రద్దయినా, డబ్బు వాపసు వచ్చినా కబురు వెళ్లేది ఆ నంబరుకే.

నా దగ్గరికి ఇటీవల వచ్చిన కేసు చెబుతాను. కొల్లేరు పక్క ఊరావిడ. కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తుంది. సెలవు మీద వచ్చి, తిరుగు ప్రయాణానికి గన్నవరంలో విమానం ఎక్కాలి. కాగితం మీద ఉన్న వేళకు మూడు గంటల ముందే చేరుకుంది. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసి, "మీ విమానం వేళ ముందుకు జరిగిందండీ, వెళ్లిపోయింది. మెసేజ్ పెట్టాం కదా" అంది. ఆవిడ చేతిలో ఫోనుంది. పిల్లలతో రోజూ ఇమోలో మాట్లాడే ఫోనే. అందులో మెసేజ్ లేదు. ఆవిడ నా ముందు పాస్‌పోర్టు కవర్లోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచింది. అడుగున ఉన్న నంబరుకు నేనే ఫోన్ చేశాను. ఏజెంటు ఎత్తాడు. "అవునండీ, ఏదో మెసేజ్ వచ్చినట్టుంది, పనుల్లో చూసుకోలేదు" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆవిడ రెండో టికెట్ అప్పుచేసి కొనుక్కుంది. అకామా, అంటే అక్కడి నివాస అనుమతి, గడువు దగ్గర పడుతోంది, అక్కడ కఫీలు, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, చీవాట్లు పెడుతున్నాడు, ఇక్కడ విమాన సంస్థ రికార్డులో ఆవిడ పేరు పక్కన 'నో షో' అని ఉంది. అంటే ప్రయాణానికి రాలేదని. మూడు గంటల ముందు వచ్చి నిలబడ్డ మనిషిని రాలేదని రాసుకున్నారు.

ఇది కొత్త విషయం కాదు. 2023 మార్చిలో గన్నవరం నుంచి మధ్యాహ్నం కువైట్ వెళ్లాల్సిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం వేళ మారి ఉదయమే వెళ్లిపోయింది. పాత వేళను నమ్ముకుని వచ్చినవాళ్లు విమానాశ్రయంలో మిగిలిపోయారు. మాకు చెప్పలేదని వాళ్లు, ముందే తెలియజేశామని సంస్థ. అదే ఏడాది జనవరిలో అమృత్‌సర్ నుంచి సింగపూర్ వెళ్లే స్కూట్ విమానం ముప్పై మందికి పైగా ప్రయాణికులను వదిలేసి గంటల ముందే ఎగిరింది. తీరా ఆరా తీస్తే ఏజెంటు వాళ్లకు కబురు చేరవేయలేదన్న మాట బయటికొచ్చింది. అంత గొడవ జరిగాక కూడా మన ఏజెంట్లు టికెట్ మీద తమ నంబరే వేస్తున్నారంటే నాకు కోపం వస్తుంది. ప్రయాణికుడి నంబరు వేస్తే మరోసారి అతను తమ దగ్గరికి రాడేమోనని కొందరి భయం. ఆ భయానికి మూల్యం కట్టేది ఇళ్లల్లో అంట్లు తోమి సంపాదించే ఆడవాళ్లు.

చట్టం ఏమంటుందో చూడండి. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అందరూ డీజీసీఏ అనేది, 2010 ఆగస్టులో ఒక నిబంధన అమల్లోకి తెచ్చింది. సెక్షన్ 3, సిరీస్ ఎం, పార్ట్ 4. తర్వాత పలుమార్లు సవరించారు. విమానం రద్దయిన సంగతి ముందుగా చెప్పకపోతే టికెట్ డబ్బు వాపసు లేదా మరో విమానం ఇవ్వడంతో పాటు పరిహారం కూడా ఇవ్వాలి. గంటలోపు ప్రయాణమైతే 5,000 రూపాయలు, రెండు గంటల్లోపు 7,500, ఆ పైన 10,000. లేదా ఒకవైపు బేసిక్ ఫేరు, ఇంధన చార్జి కలిపిన మొత్తం. రెండింటిలో ఏది తక్కువైతే అది. ఆ నిబంధనలోనే ఒక వాక్యం ఉంది: టికెట్ తీసుకునేటప్పుడు తనను అందుకునే వివరాలు సరిగ్గా ఇవ్వని ప్రయాణికుడికి ఈ పరిహారం ఇవ్వనక్కర్లేదు. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకునే విమాన సంస్థల లాయర్లు నా కక్షిదారుల నోళ్లు కొడుతున్నారు. అందుకే మళ్లీ చెబుతున్నాను. టికెట్ మీద మీ నంబరు ఉండాలి. మీ ఏజెంటుది కాదు, మీ బావమరిదిది కాదు, మీరు రోజూ చూసుకునే ఫోనుది.

సీటు లేదని దింపేయడం ఇంకో రకం. ఉన్న సీట్లకంటే ఎక్కువ టికెట్లు అమ్ముతారు, లేదా పెద్ద విమానం బదులు చిన్నది తెస్తారు. అప్పుడు ముందు ఇష్టపడి ఆగేవాళ్లెవరైనా ఉన్నారా అని అడగాలి. ఎవరూ రాకపోతేనే బలవంతంగా ఆపాలి. ఆపితే, అనుకున్న వేళ నుంచి గంటలోపు బయల్దేరే మరో విమానం ఇస్తే పరిహారం లేదు. ఇరవై నాలుగు గంటల్లోపు పంపితే బేసిక్ ఫేరు, ఇంధన చార్జి కలిపినదానికి రెండింతలు, 10,000 రూపాయలకు మించకుండా. అది దాటితే నాలుగింతలు, 20,000కు మించకుండా. మీ విమానమే నాకొద్దు అంటే టికెట్ మొత్తం వాపసు, దానిపైన ఆ నాలుగింతలు. బేసిక్ ఫేరు, ఇంధన చార్జి కలిపి 3,500 అయితే నాలుగింతలు 14,000 అన్నమాట. ఇష్టపడి ఆగేవాళ్లకు ఈ లెక్క వర్తించదు. వాళ్లు బేరమాడి తెచ్చుకున్నదే వాళ్లది. కాబట్టి కౌంటర్లో ఏ కాగితం మీద సంతకం పెట్టమన్నా, 'స్వచ్ఛందంగా' అన్న అర్థం వచ్చే మాట అందులో ఉందేమో చదివించుకోండి.

తాడేపల్లిగూడెం కుర్రాడొకడిని శంషాబాద్‌లో గేటు దగ్గర ఇలాగే ఆపేశారు. సీట్లు నిండాయి, రేపు పంపిస్తాం అన్నారు. మంచివాడు, సరేనని వెనక్కి వచ్చేశాడు. ఒక్క ముక్క రాయించుకోలేదు. తర్వాత నోటీసిస్తే జవాబు వచ్చింది: 'గేట్ నో షో', అంటే గేటు దగ్గరికి సమయానికి రాలేదట. ఈ ముద్ర ఎంత ప్రమాదమో 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదివితే తెలుస్తుంది. కోల్‌కతా నుంచి అగర్తలా వెళ్లాల్సిన ఒక కుటుంబం చేతిలో బోర్డింగ్ పాసులు ఉన్నాయి. విమానం వాళ్లను వదిలి వెళ్లిపోయింది. వినియోగదారుల కమిషన్లలో వాళ్లే గెలిచారు. సుప్రీంకోర్టులో ఓడిపోయారు. బయల్దేరే వేళకు 25 నిమిషాల ముందు గేటు దగ్గరుండాల్సిన బాధ్యత ప్రయాణికుడిదే, వెతికి పిలిచి తీసుకెళ్లే బాధ్యత సంస్థది కాదు, లోపం జరిగిందని రుజువు చేయాల్సింది ఫిర్యాదుదారే అని కోర్టు చెప్పింది.

కాబట్టి మీరు వేళకు వచ్చారనడానికి ఆధారం మీ దగ్గర ఉండాలి. ఏలూరు నుంచి గన్నవరం వెళ్లేటప్పుడు కలపర్రు టోల్ దాటగానే ఫాస్టాగ్ మెసేజ్ వస్తుంది. కారు ఎవరిదైతే వాళ్ల ఫోన్లో ఉంటుంది, దాచమని చెప్పండి. విమానాశ్రయం లోపల కౌంటరు ముందు, సూచిక బోర్డు కనిపించేలా ఒక ఫొటో తీసుకోండి. ఆపినవాళ్లను 'ఎందుకు ఆపారో రాసివ్వండి' అని అడగండి. రాసివ్వం అని వాళ్లంటే అక్కడికక్కడే సంస్థ ఈమెయిల్‌కి నాలుగు మాటలు పంపండి, తెలుగులో అయినా సరే. ఇంటికొచ్చి స్నానం చేసి పంపితే ఆ ఈమెయిల్‌కు విలువ సగం తగ్గిపోతుంది.

డీజీసీఏ జరిమానాలు వేస్తోంది కదా అని కొందరు నన్ను అడుగుతారు. వేస్తోంది. బెంగళూరు, హైదరాబాద్, ఢిల్లీల్లో తనిఖీలు చేసి, టికెట్ ఉండి వేళకు వచ్చినవాళ్లను ఆపి పరిహారం ఎగ్గొట్టినందుకు 2022 జూన్‌లో ఎయిరిండియాకు 10 లక్షలు వేసింది. 2024 సెప్టెంబరులో బెంగళూరులో ఏడుగురిని ఆపినందుకు ఆకాశ ఎయిర్‌కు మరో 10 లక్షలు. ఆ సొమ్ము ప్రభుత్వానికి పోతుంది. ఆగిపోయిన మనిషికి అందులోంచి పైసా రాదు. ఎవరి పరిహారం వాళ్లు అడిగి తెచ్చుకోవాల్సిందే.

డబ్బు వాపసు దగ్గరా ఇదే గొయ్యి. 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయ్యాయి. 7వ తేదీ రాత్రికల్లా డబ్బు తిరిగి ఇచ్చేయాలని కేంద్రం ఆదేశించింది. సంస్థ వైపు నుంచి డబ్బు ఏ దారిన వచ్చిందో ఆ దారినే పోతుంది. మీరు ఏజెంటుకు నోట్లు ఇచ్చారు, అతను తన కార్డుతోనో పోర్టల్ ఖాతాతోనో కట్టాడు. వాపసు అతని ఖాతాలో పడుతుంది. ఆ మెసేజూ అతని ఫోనుకే. మీకు తెలిసేసరికి నెలలు. ఇక్కడ ఒక ఊరట ఉంది. ఏజెంటు ద్వారా కొన్నా వాపసు బాధ్యత విమాన సంస్థదే, ఏజెంట్లు సంస్థ నియమించుకున్న ప్రతినిధులే అని డీజీసీఏ వాపసు నిబంధన చెబుతోంది. డబ్బు ఇవ్వకుండా క్రెడిట్ కింద తమ దగ్గరే పెట్టుకోవడం కూడా మీ ఇష్టం మీదే జరగాలి, వాళ్ల ఇష్టం మీద కాదు.

ఆ నిబంధననే నేను కొల్లేరు ఆవిడ కేసులో పట్టుకున్నాను. ఏజెంటు సంస్థకు ప్రతినిధి అయినప్పుడు, ప్రతినిధి ఇచ్చిన తప్పు నంబరుకు ప్రయాణికురాలిని ఎలా శిక్షిస్తారు? కబురు ప్రతినిధి దగ్గర ఆగిపోతే సంస్థ దగ్గర ఆగిపోయినట్టే. వేళ ముందుకు జరపడం గురించి కూడా వాదించబోతున్నాను. చెప్పిన వేళకంటే గంటకు పైగా ముందు వెళ్లిపోతే ఆ విమానం రద్దయినట్టే లెక్క అని 2021 డిసెంబరులో ఐరోపా న్యాయస్థానం తీర్పిచ్చింది. అది మనకు శాసనం కాదు. న్యాయం అదేనని నా నమ్మకం.

ఫిర్యాదు ఎక్కడ అన్న సందేహం వద్దు. టికెట్ షరతుల్లో 'వివాదాలు ఢిల్లీ కోర్టుల్లోనే' అని అచ్చేసి బెదిరిస్తారు. 2007 డిసెంబరులో ఢిల్లీ పొగమంచులో విమానంలో గంటల తరబడి కూర్చున్న హైదరాబాద్ ప్రయాణికుడొకరు హైదరాబాద్‌లోని శాశ్వత లోక్ అదాలత్‌కు వెళ్లారు. 2011లో సుప్రీంకోర్టు ఆ షరతు లోక్ అదాలత్‌ను ఆపలేదని తేల్చింది. పొగమంచు ఎవరి చేతిలోనూ లేదని పరిహారం మాత్రం కొట్టేసింది. అయినా ఆలస్యానికి కారణం ఏదైనా తిండి, నీళ్లు, కనీస సౌకర్యాలు చూడాల్సిందేనంది. ఇప్పుడు 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయొచ్చు. దెందులూరు వాళ్లకు ఏలూరు కమిషన్. అయిదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. విమాన సంస్థనూ ఏజెంటునూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒక్కరినే చేరిస్తే తప్పు అవతలివాడిదని తప్పించుకుంటారు.

గడువు రెండేళ్లు. కువైట్ వెళ్లేవాళ్లకు ఇది ప్రాణాంతకం, ఎందుకంటే వాళ్లు మళ్లీ ఇంటికొచ్చేదే రెండేళ్లకు. 'వచ్చాక చూసుకుందాం' అని వెళ్లిపోయి, గడువు దాటాక సూట్‌కేసుతో నేరుగా నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. అంతర్జాతీయ ప్రయాణానికి వర్తించే మాంట్రియల్ ఒప్పందం కింద రెండేళ్లు దాటితే నష్టపరిహారం అడిగే హక్కే పోతుంది. బయల్దేరేముందే భర్తకో అన్నకో అధికార పత్రం రాసిచ్చి వెళ్లండి. కొల్లేరు ఆవిడ చేత నేను అదే చేయించాను.

చేతిలో టికెట్ ఉన్నవాళ్లు ఈ పత్రిక పక్కన పెట్టి ఇప్పుడే చూసుకోండి. ఆ కాగితం మీద పీఎన్ఆర్ అని ఆరక్షరాల నంబరు ఉంటుంది. విమాన సంస్థ వెబ్‌సైట్లో అదీ మీ ఇంటిపేరూ కొడితే టికెట్ తెరుచుకుంటుంది. అక్కడ నంబరు మీది కాకపోతే మార్చుకోండి. రాకపోతే మీ అబ్బాయినో పక్కింటి పిల్లనో అడగండి, లేదా సంస్థ కాల్ సెంటర్‌కు ఫోన్ చేయండి. ఏజెంటు 'అవసరం లేదమ్మా, నేనున్నాగా' అంటే వినకండి.

కొల్లేరు ఆవిడ కేసులో టికెట్ మీద నంబరు తనదేనని ఏజెంటు రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. విమాన సంస్థ ఇంకా జవాబు దాఖలు చేయలేదు. చట్టం వాళ్లకిచ్చేది 30 రోజులు, కమిషన్ దయతలిస్తే మరో 15. ఆపైన ఒక్కరోజు కూడా పొడిగించే అధికారం కమిషన్‌కు లేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ గడువు నడుస్తోంది. దాటిన మర్నాడే, వాళ్ల జవాబు తీసుకోవద్దని అర్జీ పెడతాను.