రైలింజన్లు ఎవరి డబ్బుతో వచ్చాయి?



నడికుడి–శ్రీకాళహస్తి కొత్త లైను మన వింజమూరు మీదుగా వస్తోందని పిల్లలకు రైళ్ల మీద ఆసక్తి పెరిగింది. అయితే సోషల్ నోట్‌బుక్కుల్లో చాలామంది ఒకే వాక్యం రాస్తున్నారు: "బ్రిటిష్ వాళ్లు మనకు రైళ్లు ఇచ్చారు." ఈ నెల ఆ "ఇచ్చారు" అనే మాట గురించి ఇంట్లో కాసేపు మాట్లాడండి.

1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణేకు వెళ్లిన మొదటి ప్రయాణికుల రైలును సాహిబ్, సింధ్, సుల్తాన్ అనే మూడు ఇంజన్లు లాగాయి. మూడూ ఇంగ్లండులో తయారై ఓడలో వచ్చినవే. లీడ్స్ నగరంలో 1855లో చేసిన ఫెయిరీ క్వీన్ అయితే 1909 దాకా పనిచేసింది. పనితనానికి వంక పెట్టలేం.

అసలు విషయం డబ్బు. ఆ రైల్వే కంపెనీల వాటాదార్లు ఎక్కువగా ఇంగ్లండు వాళ్లు. పెట్టుబడి మీద ఏడాదికి సుమారు 5 శాతం రాబడికి ప్రభుత్వం హామీ ఇచ్చింది. మనం నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు లెక్క. ఇది ఏడాదికి, పిల్లలకు ముందే చెప్పండి. లాభం తగ్గితే ఆ తేడా మన ఖజానా నుంచి, అంటే రైతు కట్టిన శిస్తులోంచి కూడా, పోయేది. ఇంజన్ల ఆర్డర్లు మాత్రం అక్కడి ఫ్యాక్టరీలకు.

ఇక్కడ చేతకాకనా? కలకత్తా లైను కోసం పెట్టెలు తెస్తున్న గుడ్విన్ అనే ఓడ మునిగిపోయింది. ఇంజన్ ఉన్న ఓడ పొరపాటున ఆస్ట్రేలియా వెళ్లి తిరిగొచ్చింది! (క్లాసులో ఇది చెబితే నవ్వులే నవ్వులు.) అప్పుడు పెట్టెలను కలకత్తాలోనే చేయించారు. 1895లో అజ్మీర్ వర్క్‌షాపులో ఎఫ్-734 అనే ఇంజన్ తయారైంది. అయినా ఆ తర్వాత కూడా ఎక్కువ ఇంజన్లు గ్లాస్గో, మాంచెస్టర్ లాంటి చోట్ల నుంచే వచ్చాయి. చిత్తరంజన్ ఫ్యాక్టరీలో ఉత్పత్తి మొదలైంది 1950లో.

ఇంట్లో చేయాల్సింది: ఒక కంపెనీ లక్ష రూపాయలు పెట్టి ఏడాదికి 3,000 సంపాదిస్తే, 5 శాతం హామీ ప్రకారం ఖజానా ఎంత కట్టాలి? లెక్క అయ్యాక "ఇచ్చారు" బదులు "అమ్మారు", "తెచ్చారు" పెట్టి చూసి, ఏది సరిపోతుందో పిల్లలనే తేల్చుకోనివ్వండి. ఆ వాక్యాన్ని తెలుగులో, ఇంగ్లీషులో రాయించి శనివారం నోట్‌బుక్కుతో పంపండి.