కారు పైకప్పు కిటికీ – గాలిని మళ్ళించు పలక

2008వ సంవత్సరమున విమానాశ్రయము ప్రారంభమైన పిదప మన దేవనహళ్ళి రూపురేఖలు మారిపోయినవి. రహదారులు విశాలమైనవి, వాహనములు పెరిగినవి. ప్రతి ఉదయము పాఠశాల ద్వారము ముందు ఆగు కార్లలో పైకప్పునకు జరుగు గాజు తలుపు గలవి ఇప్పుడు పెక్కు కానవచ్చుచున్నవి. దీనినే అందరును సన్‌రూఫ్ అనుచున్నారు. దానిని తెరచుకొని 44వ జాతీయ రహదారిపై చిక్కబళ్ళాపురము వైపు సాగునపుడు చెవులలో గుబగుబమని కొట్టినట్లు ఒక మోత పుట్టును. పిల్లలు చెవులు మూసికొందురు. పెద్దలకు తల దిమ్మెక్కును. ఆ మోత ఏల కలుగునో, దానిని తగ్గించు పలకను ఇంటివద్దనే ఎట్లు అమర్చుకొనవచ్చునో తల్లిదండ్రులకు విన్నవింపవలెనని ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మోతకు కారణము

ఒక ఖాళీ సీసా మూతికి అడ్డముగా ఊదినచో "హుం" అను నాదము వెలువడును. సీసాలో సగము నీరు పోసి ఊదినచో నాదము హెచ్చు స్థాయికి పోవును. లోపలి గాలి స్ప్రింగు వలె నొక్కుకొనుచు, వ్యాకోచించుచు కంపించుటయే దీనికి కారణము. ఇట్టి నాదములను 19వ శతాబ్దమున జర్మను శాస్త్రజ్ఞుడు హెర్మన్ హెల్మ్‌హోల్ట్స్ (1821–1894) పరిశోధించెను.

కారు కూడ ఒక పెద్ద సీసాయే. సన్‌రూఫ్ దాని మూతి. కారు పోవునపుడు పైకప్పుమీద పారు గాలి, తెరపి ముందంచు దాటగానే సుడులుగా విడిపోయి వెనుకంచునకు కొట్టుకొనును. సుడుల తాళమును, లోపలి గాలి సహజ తాళమును ఏకమైనపుడు మోత పెరుగును. ఊయలను సరియైన సమయమున త్రోయుచున్న కొలది అది పైపైకి పోవుట మన మెరుగుదుము గదా! కారులోని గాలి విస్తారమైనది గనుక అది సెకనుకు సుమారు 15 నుండి 20 మార్లు మాత్రమే కంపించును. మానవుని చెవి 20 కంపనములకు లోబడిన ధ్వనిని స్పష్టముగా వినజాలదు. అందుచేత ఇది స్వరముగా వినబడక, చెవిపై ఒత్తిడిగా తోచును. ఈ ఒత్తిడి ఒక్కొక్కప్పుడు 100 డెసిబెళ్ళను మించును.

ముందంచున ఒక చిన్న పలకను వాలుగా నిలిపినచో గాలి పైకి మళ్ళి, తెరపిని దాటిపోవును, సుడులు చెదరును, తాళము తప్పును. పలక లేనివారు ఒక ప్రక్క కిటికీని రెండంగుళములు దించినను, గాజును కొంత మూసినను మోత చాలవరకు తగ్గును.

కొనుటకు ముందు

మొదట గాజును తెరచి ముందంచును పరిశీలింపవలెను. పెక్కు కార్లలో గాజు జరుగగానే స్ప్రింగుచే పైకి లేచు చిన్న పట్టీయో, వలయో ఉండును. దుమ్ము పట్టి అది లేవకున్నచో శుభ్రపరచినంతనే పని తీరవచ్చును. క్రొత్త పలక అక్కరలేదు. కొనవలసియే వచ్చినచో గాజు వెడల్పును టేపుతో కొలిచి, ఆ కారునకు తగిన కొలతదే తీసికొనవలెను.

అమర్చు విధము

1. ఎండలో కాలిన రేకుమీదను, తడిమీదను పని తగదు. ఉదయము తొమ్మిది, పది గంటల వేళ నీడలో చేయుట మేలు.

2. జిగురు తాకక పూర్వమే పలకను ఉత్తగా నిలిపి, గాజును పూర్తిగా తెరచి, మూసి, వెనుకభాగము పైకెత్తి చూడవలెను. ఎక్కడను తగులరాదు. నాలుగు మూలలనున్న నీటి రంధ్రములు మూసికొనిపోరాదు. మూసికొన్నచో వానకాలమున నీరు కారులోనికి దిగును.

3. నడిమధ్యను కొలిచి, రంగులు వేయువారు వాడు కాగితపు టేపుతో గుర్తు పెట్టవలెను.

4. పైకప్పును సబ్బు నీటితో కడిగి, ఆరిన పిదప మందుల దుకాణమున దొరకు ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడువవలెను. పాలిషు మైనము ఏ మాత్రము మిగిలినను జిగురు పట్టదు. తుడిచినచోట వ్రేలు తగులనీయరాదు.

5. రెండువైపుల జిగురుగల పట్టీపై కాగితమును కొద్దికొద్దిగా లాగుచు, మధ్యనుండి చివరలకు పలకను ఒత్తుచు అంటింపవలెను. ప్రతి చోటను అర నిమిషము గట్టిగా నొక్కవలెను.

6. ఒక దినము గడచువరకు కారును వేగముగా నడపరాదు. మూడు దినములవరకు కడుగరాదు. జిగురు పూర్తి బలము పొందుటకు అంత కాలము పట్టును.

మా పొరపాటు

మొదటిసారి మేము తొందరపడితిమి. మధ్యాహ్నపు ఎండలో, పొడిగుడ్డతో మాత్రము తుడిచి అంటించి, ఆ సాయంకాలమే రహదారి కెక్కితిమి. కొంత దూరము పోగానే ఒక కొన లేచి టపటప కొట్టుకొనసాగినది. కారు ప్రక్కకు ఆపి చూడగా సగము ఊడియున్నది. మా వెనుకనే ఒక మోటారుసైకిలు, దానిపై భార్యాభర్తలు, మధ్య ఒక పసిబిడ్డ. పలక ఎగిరి వారిపై పడియున్నచో ఏమగునో తలచుకొన్నపుడు నేటికిని మా గుండె జల్లుమనుచున్నది. పని మన కారుమీదిదే యైనను దాని ఫలము వెనుక వచ్చువారిమీద కూడ పడును. అందుచేత నెలకొకసారి రెండు కొనలను చేతితో కదిపి చూచుట మా ఇంట అలవాటైనది.

ముఖ్యమైన హెచ్చరిక

ఈ పలక మోతను తగ్గించునే గాని, బిడ్డ సన్‌రూఫ్ నుండి తల బయటపెట్టి నిలుచుటను సురక్షితము చేయదు. 2025 సెప్టెంబరులో బెంగళూరు నగరముననే, అట్లు నిలిచియున్న బాలుని తలకు రోడ్డుపై అడ్డముగా కట్టిన ఇనుప దూలము తగిలినది. చెట్టుకొమ్మయు, గాలిపటపు దారమును, అకస్మాత్తుగా వేయు బ్రేకును అంతే ప్రమాదకరములు. పదునాలుగేండ్లకు లోబడిన పిల్లలను బెల్టుతో గాని, వారికి తగిన ఆసనములో గాని కట్టక కారు నడుపువారికి మోటారు వాహనముల చట్టము 1,000 రూపాయల జరిమానా విధించుచున్నది. జరిమానా చెల్లించినంత మాత్రమున పోయిన ప్రాణము తిరిగి రాదు.

కావున తల్లిదండ్రులకు మా మనవి యిది. ఒక ఆదివారము ఉదయము పిల్లలను దగ్గరకు పిలిచి సీసా ఊదించుడు. టేపు పట్టించి కొలిపించుడు. గాలి ఎట్లు సుడి తిరుగునో మన తెలుగులోనే చెప్పుడు. పలక అమర్చిన పిదప, కారు కదలకముందే బెల్టు పెట్టుకొనవలెనను నియమమును వారిచేతనే చెప్పించుడు. తన చేతితో కొలిచి, కారణము తెలిసికొని చేసిన పనిని బిడ్డ మరువడు. ఆ పనితోపాటు నేర్చిన జాగ్రత్తను కూడ మరువడు.