రోమన్ వెండి నాణేలు: బిట్ల వారీగా పునశ్చరణ

నాణేల అధ్యయనం: నాణకశాస్త్రం (న్యూమిస్మాటిక్స్).

- దినారియస్: రోమ్ ప్రధాన వెండి నాణెం. ప్రారంభం సుమారు క్రీ.పూ. 211, రెండో ప్యూనిక్ యుద్ధ కాలం.
- మారకం: 1 ఆరియస్ (బంగారం) = 25 దినారియస్‌లు; 1 దినారియస్ = 4 సెస్టర్షియస్‌లు. (ముఖ్యం)
- క్రీ.పూ. 44: బతికుండగానే రోమ్ నాణేలపై బొమ్మ వేయించుకున్న తొలి రోమన్ జూలియస్ సీజర్.
- అగస్టస్ (క్రీ.పూ. 27–క్రీ.శ. 14): తొలి చక్రవర్తి.
- నీరో, క్రీ.శ. 64: దినారియస్ బరువు, వెండి శాతం తగ్గింపు. (తరచూ అడుగుతారు)
- కారకల్లా, క్రీ.శ. 215: ఆంటోనినియానస్. గుర్తు: చక్రవర్తి తలపై కిరణాల కిరీటం.
- డయోక్లెటియన్, సుమారు క్రీ.శ. 294: మేలిమి వెండితో ఆర్జెంటియస్.

భారత్‌తో సంబంధం
- ఇక్కడ ఎక్కువగా దొరికినవి అగస్టస్, టైబీరియస్ దినారియస్‌లు. తెలంగాణలో: నల్లగొండ జిల్లా అక్కెనపల్లి నిధి.
- ప్లినీ, ‘నేచురల్ హిస్టరీ’: భారత్‌కు ఏటా 5 కోట్ల సెస్టర్షియస్‌లు తరలుతున్నాయని ఆవేదన. (అతి ముఖ్యం)

సేకరణ – చట్టాలు
- నిధి నిక్షేపాల చట్టం, 1878: రూ.10 దాటిన నిధి దొరికితే కలెక్టర్‌కు తెలపాలి.
- పురావస్తువులు, కళాఖండాల చట్టం, 1972: కనీసం 100 ఏళ్ల నాటి నాణెం పురావస్తువు, ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేయడం నిషిద్ధం.

గందరగోళం వద్దు: ఆరియస్ బంగారం, ఆర్జెంటియస్ వెండి.