పాత గడియారాలు నేర్పిన పాఠాలు

అఫ్జల్‌గంజ్ నుంచి నయాపూల్ వంతెన దాటితే సాలార్‌జంగ్ మ్యూజియం. అక్కడి సంగీత గడియారం లోపలి నుంచి చిన్న బొమ్మ మనిషి బయటికొచ్చి మధ్యాహ్నం పన్నెండు దెబ్బలు కొడుతుంటే చూడటానికి జనం గుమిగూడతారు. కుక్ అండ్ కెల్వీ పేరున్న ఆ గడియారంలో 350కి పైగా భాగాలున్నాయి. జనం బొమ్మను చూస్తారు, నేను వాళ్ల ముఖాలు చూస్తాను. వంతెనకు ఇవతలి బజారులో నా జీవితమంతా పాత గోడ గడియారాల మధ్యే గడిచింది. ఈ పని చేతబట్టాలనుకునే పిల్లలకు చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి.

1. విప్పే ముందు వినండి.

ఆగిపోయిందని తెచ్చిన గడియారాల్లో చాలావాటికి రోగం లోపల ఉండదు. సున్నం వేయడానికి దింపి, మళ్లీ తగిలించేటప్పుడు ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. పెండ్యులం కదిపి కళ్లు మూసుకుని వినండి. టిక్కుకూ టాక్కుకూ మధ్య ఎడం ఒకేలా ఉండాలి. ఒకటి తొందరగా, ఒకటి ఆలస్యంగా పడుతుంటే అది కుంటుతున్నట్టు. పెట్టె అడుగును గోడమీద కొద్దిగా ఇటో అటో జరపండి. చప్పుడు సమానమైన చోట పెన్సిల్‌తో సన్నని గీత పెట్టండి. ఇంతే వైద్యం. దీనికే యంత్రమంతా విప్పి డబ్బు పుచ్చుకునేవాళ్లను చూశాను. ఆ డబ్బు నిలవదు.

2. స్ప్రింగు బలం దించకుండా స్క్రూ ముట్టుకోవద్దు.

ఎనిమిది రోజుల చాబీ అంటే ఎనిమిది రోజుల బలం ఆ చుట్టలో ఉన్నట్టే. అది ఒక్క క్షణంలో బయటపడితే చక్రం పళ్లు పోతాయి, వేళ్లు పోతాయి. చాబీని గట్టిగా పట్టుకుని, అడ్డు కొక్కెం ఎత్తి, మెల్లమెల్లగా వదలాలి.

3. మెరుపు కోసం పని చేయవద్దు.

దీని దగ్గర నేను ఎక్కువసేపు ఆగాలి. పాత గడియారం వెనక పలకను దీపానికి ఏటవాలుగా పట్టి చూస్తే, సూదిమొనతో గీసిన సన్నని అక్షరాలు కనిపిస్తాయి. మనకంటే ముందు దాన్ని బాగుచేసినవాడి పేరు, నెల, సంవత్సరం. మన ఊళ్లో అవి ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి. వయసులో ఉన్నప్పుడు, ఇత్తడి బంగారంలా మెరిస్తేనే పనితనమనుకుని, అలాంటి పలకను పాలిష్ చక్రానికి పెట్టాను. ఒకరి కింద ఒకరు రాసుకున్న పేర్లు నా చేతిలోనే చెరిగిపోయాయి. ఇంటివాళ్లు మెరుపు చూసి సంతోషించారు. ఆ పేర్లు ఎవరివో ఇక ఎవరికీ తెలియదు. డయల్ విషయమూ అంతే. వెండిపూత తుడిస్తే ఊడివస్తుంది, కాగితపు డయల్ తడిస్తే అంకెలు లేస్తాయి. దుమ్మును మెత్తని కుంచెతో దులపండి, ఆపైన చెయ్యి కట్టేసుకోండి. పసుపెక్కిన డయల్ పాడైన డయల్ కాదు.

4. నూనె మందులాంటిది, చుక్క మించకూడదు.

ఇరుసు మొన తిరిగే గుంటలో మాత్రమే, అదీ సూదితో. పళ్లకు పెట్టకూడదు. మా బజారు దుమ్ము సంగతి మీకు తెలుసు. ధాన్యపు బస్తాలు, బస్సులు, రోజంతా రాకపోకలు. ఆ దుమ్ము నూనెలో కలిస్తే సానరాయి పొడి అవుతుంది. మెత్తని ఇత్తడిలో ఇసుక రేణువు ఇరుక్కుని, గట్టి ఉక్కు ఇరుసునే కోసేస్తుంది. కిరోసిన్‌లో ముంచి తీస్తే కాసేపు నడుస్తుంది, నిజమే. కానీ మురికి విడివడి గుంటల్లోకే చేరుతుంది, నూనె తడి మిగలదు. విప్పి, కడిగి, గుంటలను పుల్లతో తుడిచి, ఆ తర్వాతే నూనె.

5. తీసిన భాగాన్ని పారేయవద్దు.

అరిగిన చోట బుష్ వేయండి, విరిగిన పన్ను ఒక్కటే అతకండి, చక్రం మొత్తం మార్చకండి. మార్చక తప్పకపోతే పాతదాన్ని పొట్లం కట్టి పెట్టెలోనే ఉంచి, ఏం చేశారో చీటీ రాయండి. రేపు మీకంటే నేర్పరి రావచ్చు. టేకు పెట్టెలోంచి పాత యంత్రం పీకి, బ్యాటరీ యంత్రం బిగించి, పాతదాన్ని ఇత్తడి తూకానికి అమ్మేయడం ఎన్నోసార్లు చూశాను. అది మరమ్మతు కాదు.

6. మే నెలలో వెనకబడితే గడియారాన్ని తప్పుపట్టవద్దు.

వేడికి పెండ్యులం కడ్డీ సాగుతుంది, పొడవైన పెండ్యులం నెమ్మదిగా ఊగుతుంది. ఉక్కు కడ్డీ అయితే పది డిగ్రీల వేడి పెరిగినందుకు రోజుకు సుమారు ఐదు సెకన్లు పోతాయి. ఇత్తడికి ఇంకా ఎక్కువ, చెక్కకు బాగా తక్కువ. ఎండాకాలంలో కింది మరను తిప్పేసి, చలికాలంలో ముందుకు పోతోందని తిరిగి వచ్చేవాళ్లకు ఇదే చెబుతాను.

7. చాబీ ఇచ్చే మనిషి లేకపోతే మన పనితనం వృథా.

చార్మినార్ మీద 1889లో గడియారాలు పెట్టారు. మహబూబ్ చౌక్ గడియార స్తంభం 1892 నాటిది, మొజంజాహీ మార్కెట్‌ది 1935 నాటిది. ఇలాంటి గడియారాలకు చాబీ ఇచ్చే చేతులే ప్రాణం. చౌమహల్లా ద్వారం మీది ఖిల్వత్ గడియారానికి గడియారాల పని తెలిసిన ఒక కుటుంబమే వారం వారం చాబీ ఇస్తూ వచ్చింది. అది నడిచిందంటే కారణం అదే. ఇంట్లో గడియారమైనా ఒకే మనిషి, వారంలో ఒకే రోజు, ఒకే వేళకు చాబీ ఇవ్వాలి. కొన్ని పాత రకాల్లో ముల్లు వెనక్కి తిప్పితే గంటల లెక్క తప్పుతుంది, ముందుకే తిప్పాలి.

మీ తాతల నాటి గడియారం అటక మీద ఉంటే పాత సామాన్లవాడిని పిలవకండి. ముందు దాని తలుపు తీసి చూడండి, చాబీ సాధారణంగా అడుగునే పడి ఉంటుంది. బలవంతంగా తిప్పకుండా, తుడవకుండా, పెండ్యులం విడిగా గుడ్డలో చుట్టి, పని తెలిసినవాడి దగ్గరకు ఉన్నదున్నట్టుగా తీసుకెళ్లండి.