85 శాతం చేదు: నెమ్మదిగా రుచి చూడండి

పాలు, పంచదార దండిగా కలిసిన చాక్లెట్‌కు అలవాటుపడ్డ నాలుక 85 శాతం డార్క్ చాక్లెట్ తగలగానే ముడుచుకుపోతుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు. కోకో రుచి బయటపడేది ఆ తర్వాతి నిమిషంలో. అక్కడిదాకా ఓపిక పట్టాలి.

ముందు 70, 85, 100 శాతం బార్లు తెచ్చుకోండి. మూడూ ఒకే తయారీదారువైతే తేడా తేలిగ్గా తెలుస్తుంది. ఈ శాతంలో కోకో గింజ ముద్దతో పాటు విడిగా కలిపిన కోకో వెన్న కూడా లెక్కకు వస్తుంది. అందుకే వెన్న ఎక్కువ పడిన 85కి చేదు తగ్గుతుంది. రేపర్ వెనక క్షారంతో శుద్ధి చేసిన కోకో అని ఉంటే వద్దు. క్షారం చేదుతో పాటు పులుపునీ, పండ్ల వాసనల్నీ తగ్గించేస్తుంది. దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో అంతరపంటగా పండిన గింజలతో చేసిన బార్లు హైదరాబాద్‌లో దొరుకుతున్నాయి. వాటిలో ఒకటైనా తప్పకుండా చూడండి.

మన ఎండలకు బార్ ఫ్రిజ్‌లోనే ఉంటుంది కదా. గంట ముందు తీసి, రేపర్ విప్పకుండా బయట పెట్టండి. చల్లగా ఉండగానే విప్పితే పైన తేమ పట్టి, అది ఆరాక పంచదార తెల్లగా తేలుతుంది. చల్లటి ముక్కకు వాసన కూడా సరిగా రాదు. ఉదయం, ఇంట్లో తాలింపు ఘాటు లేవకముందు కూర్చోవడం మేలు.

విరిస్తే టప్‌మనాలి. విరిగిన అంచును వెంటనే వాసన చూడండి.

ఇప్పుడు నోట్లో వేసుకుని రెండుసార్లు మాత్రం కొరికి, అంగిలికి నొక్కి వదిలేయండి. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. దానికి నోటి వేడి చాలు. కరుగుతుండగా ముక్కు మూసుకోండి: చేదు, పులుపు, కాస్త తీపి తప్ప ఏమీ తెలియవు. వేళ్లు తీసి ఊపిరి వదలండి. ఎండుద్రాక్షో, వేయించిన పప్పుల వాసనో, పువ్వుల పరిమళమో ఒక్కసారిగా వస్తుంది. నాకు ఈ ప్రయోగమంతటిలో అపురూపమైన క్షణం ఇదే.

చేదునూ వగరునూ విడదీసి గమనించండి. చేదుకు ముఖ్య కారణాల్లో థియోబ్రోమిన్ ఒకటి. వగరు పాలీఫినాల్స్ వల్ల. పచ్చి అరటికాయ కొరికినట్టు నాలుక ఎండిపోతుంది. కాయలోంచి తీసిన గింజలను దాదాపు 5 నుంచి 7 రోజులు పులియబెడతారు. ఆ పులియడంలోనే వగరు తగ్గుతుంది, చాక్లెట్ వాసనకు పునాది పడుతుంది. అది సరిగా జరగకపోతే వగరు నోరంతా పట్టేస్తుంది. ఇక మసి వాసనతో వచ్చే చేదు గింజను మాడ్చి వేయించడం వల్ల. డార్క్ అంటే ఇంతేలే అని దాన్ని ఒప్పుకోవద్దు. మంచి గింజ పండించిన రైతు కష్టం ఆ మాడులో పోతుంది.

ముక్కకూ ముక్కకూ మధ్య గోరువెచ్చటి నీళ్లు తాగండి. చన్నీళ్లు తాగితే కోకో వెన్న నాలుక మీదే గడ్డకడుతుంది. 70తో మొదలుపెట్టి 100 దాకా వెళ్లి, మళ్లీ 70కి రండి. మొదట చేదనిపించిన ఆ ముక్కే ఇప్పుడు తియ్యగా ఉంటుంది.

మిగిలినదాన్ని గాలి చొరని డబ్బాలో, ఇంగువకూ మసాలాలకూ దూరంగా పెట్టండి. కోకో వెన్న పక్కనున్న వాసనను ఇట్టే పట్టేస్తుంది.